మొలలో కత్తి: ఒక దోపిడీ కేసు, మూడు శిక్షలు

కోనసీమలో కొబ్బరి దింపు చేసేవాడి మొలలో కత్తి ఉండటం వింతేమీ కాదు. కాళ్లకు చెప్పులు లేకపోయినా నడుముకు కత్తి ఉంటుంది. పొద్దున్నే టీ బడ్డీ దగ్గర నలుగురు నిలబడితే ఇద్దరి వెనక కత్తి పిడి కనిపిస్తుంది. ఎవరూ దాన్ని ఆయుధం అనుకోరు. అలాంటి కత్తే ఒక కుర్రాడికి ఏడేళ్ల జైలు శిక్ష తెచ్చిపెట్టింది. ట్రయల్ నుంచి అప్పీలు దాకా అతని తరఫు వకీలుని నేనే. మనుషుల్ని గుర్తుపట్టే వివరాలు మార్చాను, కొన్ని తీసేశాను. ముద్దాయిల్ని కోర్టులో పిలిచినట్టే ఎ1, ఎ2, ఎ3 అంటాను. ఎ2 నా క్లయింటు.

2016 మే నెల. ఉప్పలగుప్తం, కాట్రేనికోన వైపు వనామీ రొయ్యల చెరువుల పట్టుబడులు జోరుగా జరుగుతున్న రోజులు. ఫిర్యాది ఒక రొయ్యల కొనుగోలుదారు దగ్గర గుమస్తా. యాభై దాటిన మనిషి. రైతులకు ఇవ్వాల్సిన 1,84,000 రూపాయలు సంచీలో పెట్టుకుని స్కూటర్ మీద కాలువ గట్టున వెళుతున్నాడు. రాత్రి ఏడున్నర. వెనక నుంచి ఒక బైకు వచ్చింది. నడిపింది ఎ3, మధ్యలో ఎ1, చివర ఎ2. ఎ1 స్కూటర్‌ను కాలితో తన్నాడు. గుమస్తా కింద పడ్డాడు, మోచెయ్యి గీరుకుపోయింది, పై పన్ను ఒకటి ఊడింది. ఎ1 సంచీ లాక్కున్నాడు. ఎ2 బైకు దిగి పక్కన నిలబడ్డాడు. అంతా కలిపి రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

ఎ1కి అప్పటికే ఒక దొంగతనం కేసు ఉంది. ఎ3 నడిపిన బైకు అతని సొంత బావది. ఎ2కి 19 ఏళ్లు. ఆ రోజు మధ్యాహ్నం దాకా దింపులో ఉండి, అదే లుంగీతో, అదే కత్తితో ఎ1 పిలిస్తే వెళ్లాడు. ఎందుకు వెళ్లావురా అని సబ్‌జైల్లో అడిగితే చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "బాకీ వసూలుకని చెప్పాడండి" అన్నాడు. నమ్మాలో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. వాటాగా వచ్చిన డబ్బు మాత్రం తీసుకున్నాడు.

పదహారు రోజులకు ముగ్గురూ దొరికారు. ఎ1 దగ్గర 40,000, ఎ2 దగ్గర 14,500, ఎ3 దగ్గర 6,500, మొత్తం 61,000 రూపాయలు మధ్యవర్తుల రిపోర్టు రాసి స్వాధీనం చేసుకున్నారు. అన్నీ ఐదొందల నోట్లే. ఈ నోట్ల గొడవ మళ్లీ వస్తుంది.

ఇక్కడి నుంచి కేసంతా సెక్షన్ నంబర్ల మీద నడిచింది. అప్పుడు ఐపీసీ, అంటే పాత భారతీయ శిక్షా స్మృతి, అమల్లో ఉంది. 392 మామూలు దోపిడీ, పదేళ్ల దాకా కఠిన జైలు. అదే సూర్యాస్తమయం తర్వాత, తెల్లవారేలోపు, హైవే మీద అయితే పద్నాలుగేళ్ల దాకా. దోపిడీలో దెబ్బ తగిలితే 394, యావజ్జీవం లేదా పదేళ్ల దాకా. మారణాయుధం వాడినా, తీవ్ర గాయం చేసినా 397. దానికి గరిష్ఠం సంగతి కాదు, కనిష్ఠమే ఏడేళ్లు. 397 విడిగా ఒక నేరం కాదు, దోపిడీ సెక్షన్‌తో కలిపి చదవాల్సిందే.

ఛార్జిషీటులో ఇవన్నీ పెట్టారు. గట్టు రోడ్డు హైవే అవుతుందా అని మొదటి వాయిదాల్లో కొంత వాదన నడిచింది. అమలాపురం మీదుగా పోయే 216వ నంబరు జాతీయ రహదారిని హైవే అంటే ఎవరూ కాదనరు. కానీ ఇరిగేషన్ వాళ్ల కాలువ గట్టు, దాని మీద ఎడ్ల బండి పట్టేంత దారి, ఇదా హైవే? ఐపీసీలో ఆ మాటకు నిర్వచనం లేదు. చివరికి కోర్టు దాన్ని ముట్టుకోలేదు, 394 చాలంది. నాకు ఆ వాదన ఇష్టం, ఫలితం మాత్రం సున్నా.

అసలు గండం వేరే ఉంది. క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ షెడ్యూలు ప్రకారం 392నీ, 394నీ విచారించేది ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేటు. ఆయన వేయగల జైలు శిక్ష మూడేళ్లకు మించదు. ఇంకా ఎక్కువ వేయాలనిపిస్తే చీఫ్ జుడీషియల్ మేజిస్ట్రేటుకు పంపాలి, కానీ మామూలు రోజుల్లో ఆ దారి పట్టేవాళ్లు అరుదు. 397 చేరిందంటే కేసు పై కోర్టయిన సెషన్స్‌కు పోతుంది, అక్కడ ఏడేళ్లకు తక్కువ వేయడానికి లేదు. అంటే ఒకే సంఘటనకు ఒక గదిలో మూడేళ్ల లోపు, పక్క గదిలో ఏడేళ్ల పైన. మధ్యలో నాలుగైదేళ్ల శిక్షకు తగిన నేరాలే మా ప్రాంతంలో ఎక్కువ, వాటికి మాత్రం నేరుగా వెళ్లే గది లేదు. ఏ గదికి వెళ్లాలో తేల్చేది జడ్జి కాదు, ఛార్జిషీటు రాసే టేబుల్. అక్కడ కత్తి అనే ఒక్క మాట కలిస్తే చాలు.

ఆ మాట ఎలా కలిసిందో చూడండి. ఆ రాత్రి ఇచ్చిన ఫిర్యాదులో "ముగ్గురు వచ్చారు, ఒకడి దగ్గర కత్తి ఉంది" అని ఉంది. నాలుగు రోజుల తర్వాత పోలీసులు రాసుకున్న వాంగ్మూలంలో అది "కత్తి చూపించి చంపుతామని బెదిరించారు" అయింది. కోర్టులో బోనులో నిలబడ్డప్పుడు గుమస్తా, "మొలలో కత్తి ఉందండి. చెయ్యి దాని మీద వేశాడు" అన్నాడు. నేను క్రాస్ ఎగ్జామినేషన్‌లో, లుంగీ జారితే కూడా చెయ్యి అక్కడికే పోతుంది కదా అని అడిగాను. ఆయన నవ్వాడు. "పోతుందండి. కానీ నేను కింద పడి ఉన్నాను కదా, నాకు కత్తే కనిపించింది" అన్నాడు. నిజాయితీ ఉన్న సాక్షి. అలాంటి సాక్షిని క్రాస్ చేయడం కంటే కష్టమైన పని లేదు.

కత్తి వాడటం అంటే ఏమిటో సుప్రీంకోర్టు 1975లోనే ఫూల్ కుమార్ కేసులో చెప్పింది. పొడవక్కర్లేదు, నరకక్కర్లేదు, ఎదుటివాడికి కనిపించేలా పట్టుకుని భయపెట్టినా వాడినట్టే. 2007లో దిలావర్ సింగ్ కేసులో ఇంకో ముక్క చేర్చింది: 397 ఆయుధం వాడినవాడికే వర్తిస్తుంది, పక్కనున్నవాడికి ఉమ్మడి ఉద్దేశం గురించి చెప్పే 34వ సెక్షన్ ద్వారా అంటించడానికి వీల్లేదు. 2021లో గణేశన్, రామ్ రతన్ కేసుల్లో అదే మాట మళ్లీ చెప్పింది. ఇవన్నీ సబబైన తీర్పులే. కాకపోతే పనిముట్టు ఒంటి మీదే ఉండే మా ఊళ్లలో "కనిపించేలా" అన్న మాటకు అర్థం ఏమిటి? హైదరాబాదులో ఒకడి నడుముకు కత్తి ఉంటే అది బెదిరింపే. ఇక్కడ అది లుంగీలో భాగం. ఈ తేడా తీర్పులో రావాలంటే సాక్ష్యంలో రావాలి. సాక్ష్యంలో రావాలంటే వకీలు అడగాలి. అందుకే ఒక దింపు మేస్త్రీని డిఫెన్స్ సాక్షిగా పిలిచాను. ఏం చెప్తావు అంటే, "ఆయ్, కత్తి లేకుండా చెట్టు ఎక్కి ఏం చేత్తామండి?" అన్నాడు. రికార్డులో అది "దింపు కార్మికులు సాధారణంగా కత్తి ధరిస్తారు" అని పడింది.

పన్ను సంగతి ఇంకో పాఠం, అది నా తప్పు కూడా. 320వ సెక్షన్‌లో తీవ్ర గాయాల జాబితా ఉంది. కళ్లు, చెవులు పోవడం, అవయవం పోవడం లాంటివాటి సరసన "ఎముక గానీ పన్ను గానీ విరగడం, ఊడడం" అని ఉంది. అందుకని గాయాల సర్టిఫికెట్‌లో మోచేతి గీరుడు సాధారణం, పన్ను తీవ్రం. పన్ను తీవ్రమైతే కిందకు తోసిన ఎ1కి 397 తప్పదు. డాక్టరు సాక్ష్యం చెప్పిన రోజు ఎ1 వకీలు "క్రాస్ లేదు" అన్నాడు. నా క్లయింటుకు పన్నుతో సంబంధం లేదని నేనూ ఊరుకున్నాను. ఆ రోజు సాయంత్రం గాయాల రిజిస్టరు నకలు చదివితే, చిగుళ్ల జబ్బు వల్ల పక్క పళ్లు కూడా కదులుతున్నాయని డాక్టరు చేత్తోనే రాసి ఉంది. ఒక్క ప్రశ్న అడిగి ఉంటే సరిపోయేది. ఎ1 నా క్లయింటు కాదు, నిజమే. అయినా ఆ కాగితం ఇప్పటికీ నా ఫైల్లో మొదటి పేజీగా ఉంది.

2019 ఫిబ్రవరిలో తీర్పు వచ్చింది. ఎ1కీ ఎ2కీ 394తో కలిపి 397 కింద ఏడేళ్లు. ఎ3కి 394 కింద రెండేళ్లు. బైకు నడిపిన ఎ3కి 394 ఎలా అంటే, ఆ సెక్షన్‌లో దెబ్బ కొట్టినవాడితో పాటు దోపిడీలో ఉమ్మడిగా ఉన్నవాళ్లందరూ వస్తారు. వాయిదాలకు వచ్చే గుమస్తా శిక్ష విని తల ఊపి వెళ్లిపోయాడు. పరిహారం మాట ఎవరూ ఎత్తలేదు. ఎత్తాల్సింది పీపీ, అంటే ప్రభుత్వం తరఫు వకీలు, లేదంటే కోర్టే స్వయంగా. శిక్ష ఎంత వేయాలో వినే సమయం చట్టంలో తప్పనిసరి. ఆ రోజు అది ఐదు నిమిషాలు. "మొదటి నేరం, పేదవాడు, తండ్రి మంచాన ఉన్నాడు, దయ చూపాలి." నేను చెప్పింది అంతే. ప్రొబేషన్ మీద, అంటే జైలుకు పంపకుండా మంచి నడవడిక షరతుతో, వదలడానికి ప్రొబేషన్ అధికారి రిపోర్టు అడగాలన్న ఆలోచన కూడా ఉపయోగం లేకుండా పోయింది, ఎందుకో చెబుతాను.

1958 నాటి ప్రొబేషన్ చట్టంలో 6వ సెక్షన్ 21 ఏళ్ల లోపు వాళ్లను జైలుకు పంపే ముందు ఆగి ఆలోచించమంటుంది. నా కుర్రాడికి నేరం నాటికి 19. కానీ 1963లో రామ్‌జీ మిస్సర్ కేసులో సుప్రీంకోర్టు, చూడాల్సింది నేరం రోజు వయసు కాదు, కోర్టు దోషి అని తేల్చే రోజు వయసు అంది. తీర్పు నాటికి 22. రెండున్నరేళ్లకు పైగా వాయిదాలు ఆ వయసును తినేశాయి. వాయిదాల్లో నావి కూడా ఉన్నాయి. పోనీ వయసు ఉన్నా కూడా, యావజ్జీవం పడగల నేరాలకు ఆ చట్టం వర్తించదు. 394లో యావజ్జీవం ఉంది. ఆ పన్ను, ఆ మోచేతి గీరుడు లేకపోతే అది 392 అయ్యేది, దారి తెరిచే ఉండేది.

ఈ గీరుడు ఇంకా ఎన్ని తలుపులు మూస్తుందో కొత్త చట్టాల్లోనూ చూడొచ్చు. 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. దోపిడీ 309వ సెక్షన్‌కు మారింది, 397 కాస్తా 311 అయింది. మాటలు దాదాపు అవే, ఏళ్లూ అవే. సంచీ, గొలుసు లాక్కోవడానికి 304 అని మూడేళ్ల శిక్షతో కొత్త సెక్షన్ పెట్టారు. ఇది మంచి పని, ఇంతకుముందు గొలుసు కేసు దొంగతనమా దోపిడీయా అన్నది స్టేషన్ మూడ్ మీద ఉండేది. నాగరిక్ సురక్షా సంహిత 479 ప్రకారం మొదటిసారి నేరం మోపబడ్డవాడు గరిష్ఠ శిక్షలో మూడో వంతు రిమాండులో గడిపితే బాండు మీద విడుదల చేయాలి. కానీ యావజ్జీవం ఉన్న నేరాలకు కాదు. మళ్లీ అదే గీరుడు.

ఎ2 రాజమహేంద్రవరం సెంట్రల్ జైలుకు వెళ్లాడు. శిక్ష నిలుపుదల కోసం పిటిషన్ వేశాను. దోపిడీలో 397 కింద పదేళ్లు పడ్డవాళ్ల విషయంలోనే 1999లో సుప్రీంకోర్టు, నిర్ణీత కాలం శిక్షలైతే నిలుపుదలను ఉదారంగా చూడాలని భగవాన్ రామా షిండే గోసాయ్ కేసులో చెప్పింది. ఆ తీర్పు చూపించాను. పిటిషన్ కొట్టేశారు.

పెరోల్ అనగానే సినిమాల్లో చూసినట్టు బోర్డు ముందు కూర్చుని విడుదలవడం అనుకుంటారు. మన దగ్గర అది కొన్ని రోజుల సెలవు మాత్రమే. మళ్లీ జైలుకు రావాలి. ఫర్లో అనేది ఇంకో రకం సెలవు, మంచి నడవడికకు ఇచ్చేది. ఇక శిక్ష తగ్గడం అంటే జైలు నిబంధనల ప్రకారం నెలనెలా జమయ్యే రెమిషన్ రోజులు, లేదంటే ప్రభుత్వం ఇచ్చే క్షమాభిక్ష. యావజ్జీవ ఖైదీ ఫైలు పద్నాలుగేళ్లకో ఎప్పటికో ఒకసారి ఎవరో ఒకరి టేబుల్ మీద తెరుచుకుంటుంది. ఏడేళ్లవాడి ఫైలు తెరిచి, ఈ మనిషి మారాడా అని చూసే సమయం ఎక్కడా లేదు. 2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు, ముందస్తు విడుదల విధానంలో అర్హులైనవాళ్ల విషయం అర్జీ లేకపోయినా పరిశీలించాలని ఆదేశించింది. చాలా మంచి ఆదేశం, అయితే విధానంలో చోటు ఉన్నవాళ్లకే.

సెలవులకు కూడా సెక్షన్ నంబరే అడ్డం పడుతుంది. ఉదాహరణకు 1959 నాటి బాంబే ఫర్లో, పెరోల్ నిబంధనల్లో నాలుగోది చదవండి: 392 నుంచి 402 దాకా శిక్ష పడ్డవాళ్లకు ఫర్లో లేదు. ఎవడు ఏం చేశాడు అన్న ప్రశ్నే లేదు. బైకు నడిపినవాడు, పన్ను ఊడగొట్టినవాడు, బందిపోటు ముఠా నాయకుడు, అందరూ ఒక్క గంపలోనే. జైళ్లు రాష్ట్రాల అంశం కాబట్టి ఎవరి నిబంధనలు వాళ్లవి. కేంద్రం 2023లో 1894 నాటి చట్టం స్థానంలో నమూనా జైళ్ల చట్టం తయారుచేసి రాష్ట్రాలకు పంపింది.

2020 జనవరిలో ఎ2 తండ్రి పోయాడు. పెద్దకర్మకు వెళ్లడానికి పెరోల్ అర్జీ పెట్టాడు. పోలీసు రిపోర్టు కావాలి. రిపోర్టు పెద్దకర్మ అయిన తొమ్మిది రోజులకు వచ్చింది. అందులో, "ముద్దాయి బయటకు వస్తే ఫిర్యాదికి ప్రాణహాని" అని ఉంది. మార్చిలో కరోనా. జైళ్లలో రద్దీ తగ్గించడానికి సుప్రీంకోర్టు మార్చి 23న రాష్ట్రాలను ఉన్నత స్థాయి కమిటీలు వేయమంది, ఏడేళ్ల దాకా శిక్ష పడే నేరాల వాళ్లను ఉదాహరణగా చెప్పింది. మా వాడికి పడింది ఏడేళ్లే, కానీ నేరానికి ఉన్న శిక్ష అంతకన్నా ఎక్కువ. జాబితాలోకి రాలేదు.

2021 సెప్టెంబరులో అప్పీలు తేలింది. ఫిర్యాదులో లేని బెదిరింపు తర్వాత ఎలా వచ్చిందో, మేస్త్రీ ఏం చెప్పాడో చూసి, కత్తి బయటకు తీసినట్టు రుజువు కాలేదని ఎ2 మీద 397 తీసేశారు. ఆ ఏడాది జనవరిలోనే లఖ్వీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు, 397లో కనీస శిక్ష ఉన్నంత మాత్రాన ప్రొబేషన్ చట్టం పోదని చెప్పింది, అదీ చూపించాను. దాని జోలికి పోకుండా 394 నిలబెట్టి శిక్షను మూడేళ్లు చేశారు. రిమాండు నాలుగు నెలలు సెటాఫ్ (శిక్షలో మినహాయింపు), జైల్లో రెండేళ్ల ఏడు నెలలు, రెమిషన్. మూడో రోజు బయటికొచ్చాడు. అంటే మేజిస్ట్రేటు గదిలోనే ముగిసి ఉంటే పడగలిగే గరిష్ఠ శిక్షే చివరికి పడింది. ఎ1 జైలు నుంచి పంపిన అప్పీలు నిలబడలేదు, పన్ను సర్టిఫికెట్ చెక్కుచెదరలేదు.

శిక్షల్లో ఈ ఎగుడుదిగుళ్లకు మార్గదర్శకాలు కావాలని 2003లో మలీమత్ కమిటీ, 2008లో మాధవ మేనన్ కమిటీ చెప్పాయి. 2024లో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే అంది. మన రాష్ట్రం నుంచే వెళ్లిన గియాసుద్దీన్ కేసులో 1977లోనే జస్టిస్ కృష్ణయ్యర్ శిక్ష అంటే మనిషిని చూసి వేసేదని రాశారు. నాకు మాత్రం కొలబద్దల పట్టికలంటే కొంచెం భయం, అవి ఇంకో రకం సెక్షన్ నంబర్లు అవుతాయి. నేను అడిగేది చిన్నది. దోపిడీ తీర్పులో ప్రతి ముద్దాయి ఏం చేశాడో ఒక పేరాలో విడిగా తేల్చాలి. ఆ పేరా అతనితో పాటు జైలుకు వెళ్లాలి. పెరోల్, ఫర్లో, విడుదల ఫైళ్లలో సెక్షన్ నంబరు బదులు ఆ పేరా చదవాలి. 311లో ఏడేళ్ల కింద వేయడానికి, కారణాలు రాసి, జడ్జికి వీలుండాలి. ప్రొబేషన్ చట్టానికి వయసు నేరం రోజుది కావాలి. పోలీసు రిపోర్టుకు గడువుండాలి, ఫిర్యాది సంతకం లేకుండా "ప్రాణహాని" అని రాయకూడదు.

ఇవన్నీ చెబితే ఒక పీపీ మిత్రుడు నాకు కోపంగా చెప్పిన జవాబు కూడా రాయాలి. "రాత్రి గట్టు మీద పడిపోయింది నువ్వు కాదు. చెరువుల మీద డబ్బుతో తిరిగేవాళ్లకు ధైర్యం ఎవరిస్తారు?" అన్నాడు. ఆయన మాటలో బరువుంది. ఆ గుమస్తా ఇప్పటికీ చీకటి పడ్డాక స్కూటర్ ఎక్కడు. పోయిన డబ్బును యజమాని రెండేళ్లు జీతంలో కోసుకున్నాడు. ఎ1 లాంటివాడికి గట్టి శిక్ష పడటం మీద నాకు అభ్యంతరం లేదు. కానీ ఎ2కి మరో నాలుగేళ్లు పడి ఉంటే గుమస్తా జీతం వెనక్కి రాదు.

ఆ గుమస్తాని 2022లో కోర్టు వరండాలో కలిశాను. స్వాధీనమైన 61,000 కోసం వచ్చాడు. కేసు నడుస్తుండగానే మధ్యంతరంగా అడిగి తీసుకోవచ్చని ఆయనకు ఎవరూ చెప్పలేదు. ఈలోగా 2016 నవంబరులో ఐదొందల నోట్లు రద్దయ్యాయి. కోర్టు స్వాధీనంలో ఉన్న పాత నోట్లను మార్చుకోవడానికి 2017లో కేంద్రం నియమాలు తెచ్చింది, కానీ నోట్ల నంబర్లు రాసి ఉండాలి. మధ్యవర్తుల రిపోర్టులో ఎ1 దగ్గరి 80 నోట్లకే నంబర్లు రాశారు. మిగతా 42 నోట్లు ఉత్త కాగితాలు. పెరోల్ రిపోర్టు సంగతి అడిగాను. "నన్నెవరూ అడగలేదు లాయరు గారూ. తండ్రి పోతే పంపొద్దని ఎందుకంటానండి?" అన్నాడు.

ఎ2 మళ్లీ దింపుకే వెళుతున్నాడు. విడుదలైన వారానికి ఆఫీసుకు వచ్చి, "సార్, ఆ కత్తి ఇస్తారా?" అని అడిగాడు. అది కేసులో దాఖలైన వస్తువు, ఎం.ఓ. 3, అప్పీలు గడువు తర్వాత ధ్వంసం చేయమని తీర్పులోనే ఉందని చెప్పాను. మంచి ఉక్కు అండి, మా నాన్నది అన్నాడు. కొత్తది చేయించుకున్నాడు. మొన్న దారిలో కనిపించాడు. కత్తి మొలలో లేదు. గోనె ముక్కలో చుట్టి, బైకు వెనక తాడుతో కట్టి ఉంది.